ప్రార్థన చీటీలో మూడు రోజులు

మస్కట్‌లో రువి నుంచి ఘుబ్రా దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు.

మామూలు శుక్రవారాల్లో ఆ దారి పొడుగునా టిమోతి మాట్లాడుతూనే ఉంటాడు. ప్రసంగం ఎంతసేపు సాగింది, పాటలో ఎవరు శ్రుతి తప్పారు, చర్చి బయట తన కారుకి అడ్డంగా బండి పెట్టినవాడు ఏ కంపెనీ వాడు, ఇవన్నీ ఇల్లు చేరేలోపు తేలిపోతాయి. ఇవాళ మాత్రం స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, ఆ రోడ్డు నిన్ననే వేసినట్టు చూస్తూ నడుపుతున్నాడు. మలుపు ఇంకా అర కిలోమీటరు ఉండగానే ఇండికేటరు వేశాడు. కోపం వచ్చినప్పుడు టిమోతి ట్రాఫిక్ నియమాలన్నీ పాటిస్తాడు.

ముందు సీటు అతని తల్లి సౌభాగ్యమ్మది. ఆవిడ విజిట్ వీసా మీద వచ్చిన రోజునే, మోకాళ్ళ నొప్పి పేరు చెప్పి ఆ సీటు ఆవిడ పేర రాసేశారు. వెనక కూర్చున్న సెలిన్‌కి భర్త మెడ ఒక్కటే కనిపిస్తోంది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మెడని చదవడం ఆమెకి బాగానే అలవాటైంది. కాలరు పైన ఆ రెండు మడతలు అలా బిగుసుకున్నాయంటే భోజనం దాకా గండమే.

గంట కిందట చర్చిలో జరిగింది ఇంకా ఆమె చెవుల్లోంచి పోలేదు.

ప్రతి శుక్రవారం ప్రార్థన మనవులు చీటీల మీద రాసి బుట్టలో వేస్తారు. పాస్టరు ఇమ్మానియేలు అయ్యగారు ఆ బుట్ట మీద చెయ్యి ఉంచి, కళ్ళు మూసుకుని, అన్నిటికీ కలిపి ఒకే ప్రార్థన చేస్తారు. చీటీ విప్పింది ఎవరూ ఎరగరు. ఆ ధైర్యంతోనే సెలిన్ రాసింది. కానీ ఈ వారం రాజమండ్రి నుంచి అతిథి బోధకుడొకాయన వచ్చారు. ఆయన పద్ధతి వేరు. బుట్టలో చెయ్యి పెట్టి ఒక్కో చీటీ తీసి, మైకులో చదివి, రాసినవాళ్ళని నిలబెట్టి మరీ ప్రార్థించారు.

మూడో చీటీ సెలిన్‌ది.

"ప్రభువా, నవంబరు పదకొండు నుంచి పదమూడు వరకు మెక్సికో సిటీలో నర్సుల సదస్సు. పద్నాలుగు నుంచి పదహారు వరకు వహాకా అనే పాత పట్నానికి నా ఒంటరి ప్రయాణం. వెళ్ళే విమానంలోనూ వచ్చే విమానంలోనూ తోడుండు. సెలిన్, ఘుబ్రా."

సదస్సు పదకొండు నుంచి పదహారు దాకా, ఆరు రోజులూ జరుగుతుందని ఆమె ఆగస్టులోనే భర్తకి చెప్పి ఉంది. అప్పట్నుంచీ ఆ మాట మీదే నిలబడింది కూడా. చీటీ దగ్గరకొచ్చేసరికి మాత్రం కలం ఒప్పుకోలేదు. విమానాన్ని కాపాడమని అడుగుతున్నప్పుడు ఏ విమానమో సరిగ్గా చెప్పొద్దూ?

కారు ఘుబ్రా మలుపు తిరిగాక సౌభాగ్యమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"ఆ రాజమండ్రి అయ్యగారి గొంతు బావుంది. వెనక వరసకి కూడా ప్రతి అక్షరం తెలిసింది."

టిమోతి స్పీడు బోర్డు చూసి వేగం ఇంకాస్త తగ్గించాడు.

*

ఇంట్లోకి రాగానే సెలిన్ చీర కూడా మార్చుకోకుండా బియ్యం కడిగింది. కోడికూర పొద్దున్నే అయిపోయింది. ఫోను గట్టు మీద పెడితే నిమిషానికోసారి వణుకుతోంది. "సిస్టర్, వహాకా ఏ దేశం?" అని ఒకరు. "మీరు లేనప్పుడు అత్తగారికి షుగర్ మాత్రలు ఎవరిస్తారు సిస్టర్?" అని ఒకరు. "ఒంటరిగానా?" అని ఒకే ఒక్క మాట ఇంకొకరు. అందరూ చివర దండం పెట్టే చేతుల బొమ్మ మాత్రం మరవలేదు.

టిమోతి వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"ఆరు రోజులన్నావు."

"అన్నాను."

"మూడే."

"మూడేనండి."

"మిగతా మూడు?"

"చీటీలో విన్నారుగా."

"నేను చీటీలో వినాలా సెలిన్? రెండొందల మందితో పాటు కూర్చుని?"

సెలిన్ కుక్కరు మూత పెట్టి, అది సరిగ్గా పడిందా లేదా అని అవసరం లేకపోయినా ఇంకోసారి చూసింది.

"నా ఆఫీసు ఏంటి?" అన్నాడు టిమోతి.

అల్ ఖౌద్‌లో, యూనివర్సిటీ దారిలో, అతను పనిచేసేది టైపింగ్ ఆఫీసులో. వీసా ఫారాలు, టికెట్లు, రెసిడెన్స్ కార్డుల పొడిగింపులు, అన్నీ అతని బల్ల మీదుగానే నడుస్తాయి.

"నర్సయ్య వాళ్ళ ఊరు నిర్మల్ వెళ్ళాలంటే టికెట్టు నేనే చేశా. వాళ్ళమ్మ చిన్నవ్వకి విజిట్ వీసా నేనే చేశా. పెంచలమ్మగారికి పాస్‌పోర్టులో పేరు తప్పు పడితే మూడు నెలలు తిరిగి నేనే సరిచేయించా. మస్కట్‌లో సగం మంది ప్రయాణాలు నా చేతి మీద అయినాయి. నా భార్య టికెట్టు ఎవరు చేశారు?"

"నేనే. ఫోన్లో."

"ఫోన్లో," అన్నాడు అతను. ఇంట్లో వంటవాణ్ణి పెట్టుకుని హోటలుకెళ్ళి తిన్నదాన్ని చూసినట్టు చూశాడు. "అంటే నేను వెళ్ళనివ్వనని అనుకున్నావు."

"వెళ్ళనిస్తారు. అదే నా భయం."

"ఇదేం మాట?"

సెలిన్ స్టవ్ మంట తగ్గించింది. చెప్పాలనుకున్నది రెండేళ్ళుగా లోపల ఉడుకుతూనే ఉంది గనక తడుముకోవాల్సిన పని పడలేదు.

"సలాలా గుర్తుందా మీకు? ఖరీఫ్ వానలు చూడ్డానికి మనిద్దరం వెళ్దామన్నారు. ఇద్దరం అని మీరే అన్నారు."

"వెళ్ళాం కదా."

"ఎంతమంది వెళ్ళాం?"

టిమోతి గోడ మీది కేలెండరు వైపు చూశాడు. "అంటే... మనం వెళ్తున్నామని తెలిశాక పిలవకపోతే బాగోదని..."

"పద్నాలుగు మంది. రెండు వ్యాన్లు. ఒక గ్యాస్ పొయ్యి. సలాలాలో నేను చూసిందేంటో చెప్పనా? గాలికి పొయ్యి ఆరిపోకుండా అడ్డం పెట్టిన అట్టముక్క. మూడు రోజులూ అదే చూశా. దాని మీద ఏం రాసుందో ఇప్పటికీ నోటికొచ్చు."

"అందరూ నీ పులిహోర బావుందన్నారు."

"అన్నారు."

కుక్కరు కూత వేసింది. అది ఎవరి పక్షమో తెలియలేదుగానీ టిమోతి మాత్రం హాల్లోకి వెళ్ళిపోయాడు.

*

సౌభాగ్యమ్మ దోసకాయ ముక్కలు కోస్తానంటూ వంటింట్లో కుర్చీ వేసుకుంది. కోడలి చేతికింద కూరగాయలు కోసే అలవాటు ఆవిడకి లేదు. చెవులకి పని తగిలే చోట చేతులకి కూడా ఏదో ఒకటి ఉండాలని మాత్రమే కత్తి పట్టుకుంది.

"ఏముందే ఆ ఊళ్ళో?"

సెలిన్ మొదట ఏం లేదందామనుకుంది. తర్వాత చెప్పింది.

ఆమె పనిచేసేది డయాలసిస్ వార్డులో. మంచాల ఎదురుగా గోడకి టీవీ ఉంటుంది. ఒక పేషెంటుకి ఊళ్ళ కార్యక్రమాలంటే ఇష్టం. వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు అవే పెట్టించుకునేది. ఓ రోజు ఆ టీవీలో వహాకా వచ్చింది. లేత ఆకుపచ్చ రాతితో కట్టిన ఇళ్ళు, లోపలంతా బంగారు పూత పూసిన పాత చర్చి, కొండ నెత్తిన రెండున్నర వేల ఏళ్ళ నాటి రాతి మెట్లు. బజారులో ఆడవాళ్ళు ఎండుమిరపకాయలూ నువ్వులూ కోకో గింజలూ కలిపి రాతి మీద నూరుతున్నారు. సరిగ్గా ఆ రాయి దగ్గరికొచ్చేసరికి ఎనిమిదో మంచం మెషీను అలారం మోగింది. సెలిన్ వెళ్ళి చూసి వచ్చేసరికి చర్చి వచ్చింది. చర్చి లోపలికి పోబోతుంటే మూడో మంచం. మెట్లెక్కుతుంటే అయిదు. ఆ కార్యక్రమం మళ్ళీ మళ్ళీ వేస్తూనే ఉన్నారు, ఆమె మళ్ళీ మళ్ళీ ముక్కలుగానే చూసింది.

"సదస్సు వాళ్ళు కాగితాలు పంపితే అందులో ఉంది, అక్కడికి గంటా పది నిమిషాల విమానమని. సలాలాకి పట్టేంత కూడా లేదు అత్తయ్యా. ఆ ఊరు ఒక్కసారి మొదట్నుంచీ చివరిదాకా లేవకుండా చూద్దామనిపించింది."

సౌభాగ్యమ్మ దోసకాయ ముక్క ఒకటి నోట్లో వేసుకుని చేదుందా లేదా చూసింది.

"రాతి మీద మిరపకాయలు నూరతారా?"

"నూరతారు."

"నరసాపురంలో నేను నలభయ్యేళ్ళు నూరాను. ఒక్కడూ విమానమెక్కి రాలేదు."

సెలిన్‌కి నవ్వు వచ్చింది. ఆపుకుంది.

"అక్కడ మనోళ్ళెవరూ లేరా?"

"ఎవరూ లేరు."

"పలకరించేవోళ్ళే లేరా?"

"లేరు అత్తయ్యా."

ఆవిడ కత్తి కింద పెట్టింది. "నాకు అలాంటి ఊరు ఒక్కటీ తగల్లేదు. ఎక్కడికెళ్ళినా ఫలానావోళ్ళ కోడలంటారు, ఫలానావోళ్ళ అమ్మంటారు. మొన్న మస్కట్లో విమానం దిగితే, బయటికి రాకముందే ఎవరో వందనాలమ్మా, మీరు టిమోతిగారి అమ్మగారు కదా అన్నాడు. నేనెవరో వాడే చెప్పాడు నాకు."

వెంటనే ఆ మాటలు తనవి కావన్నట్టు మొహం మార్చుకుంది.

"అలాగని నేను వాడికేం చెప్పను. నీ తరఫున ఒక్క ముక్క మాట్లాడను. మొగుడికి చెప్పకుండా టికెట్టు కొనడం తప్పే. అన్నం పెట్టు, మాత్ర వేసుకోవాలి."

*

భోజనానికి వచ్చేసరికి టిమోతి మెడ మామూలుగా ఉంది.

అది చూసి సెలిన్ మొదట ఊపిరి పీల్చుకుంది. తర్వాత అతని చేతిలో లాప్‌టాప్ చూసింది. అన్నం పళ్ళెం పక్కన దాన్ని తెరిచి పెట్టుకున్నాడు. టిమోతి క్షమించేశాడు. సెలిన్ భయపడింది సరిగ్గా దీనికే.

"ఇమ్మానియేలు అయ్యగారు ఫోన్ చేశారు," అన్నాడు కూర కలుపుకుంటూ. "మంచిదే కదా, అమ్మాయి ఇన్నేళ్ళు కష్టపడింది, ఓ ఊరు చూడాలనుకుంటే తప్పేంటి అన్నారు. నాకూ అనిపించింది. తప్పేం లేదు."

"లేదు," అంది సెలిన్ జాగ్రత్తగా.

"అందుకని నేనూ వస్తా."

సౌభాగ్యమ్మ మజ్జిగ గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుని అలాగే ఉంచింది.

"సదస్సు మూడు రోజులూ నీ పని నువ్వు చూసుకో. నేను అడ్డు రాను. ఆ తర్వాత అన్నీ నేను చూసుకుంటా. ఇంకా మూడు వారాలుంది, వీసా నాకు వదిలెయ్. మెక్సికో సిటీలో మనవాళ్ళొకళ్ళు ఉన్నారట, తణుకువాళ్ళు. అయ్యగారికి వాళ్ళ బావమరిది తెలుసు. వాళ్ళకి కూడా ఆ ఊరు చూడాలని ఎప్పట్నుంచో ఉందట. అమ్మని మీ వార్డు ఎవాంజలిన్ ఇంట్లో ఉంచుదాం, ఏమంటావమ్మా?"

"నన్నెక్కడ పడేసినా పడుంటాను," అంది సౌభాగ్యమ్మ.

భార్యాభర్తలిద్దరూ అప్పుడే నలుగురో అయిదుగురో అయ్యారు. తణుకువాళ్ళకి పిల్లలెందరో సెలిన్ అడగలేదు. ఈ లెక్కన పద్నాలుగో తారీకు నాటికి ఆ కొండ మెట్ల దగ్గర ఓ గ్యాస్ పొయ్యి ఖాయం.

"నీ కాగితాలు తే," అన్నాడు టిమోతి చెయ్యి కడుక్కుని వచ్చి. "నా పేరు కలుపుతా."

ఆమె పడగ్గదిలోకి వెళ్ళి బీరువాలో దుప్పట్ల కింద నుంచి నీలం ఫైలు తీసింది. దాచిన చోటు చూశాడేమోనని తలెత్తింది. చూశాడు. ఫైలు అందుకుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఫైలు తెరవగానే మనిషి మారిపోయాడు. అల్ ఖౌద్‌లో బల్ల వెనక కూర్చున్నట్టు వెన్ను నిటారైంది, పెన్సిలు చెవి మీదికెక్కింది. ఒక్కో కాగితం మీద వేలు పెట్టి గడి గడీ దిగుతున్నాడు.

"టికెట్టు బాగానే చేశావు. సామాను కూడా కలిపావు. పర్లేదు." ఆ మెప్పులో నిజం ఉంది. "హోటలు... చర్చి పక్క వీధి. ఒక్క మనిషికి గది. దీన్ని ఇద్దరికి మార్చొచ్చు, ఇబ్బంది లేదు."

"మార్చొద్దండి."

"ఎక్కువేం కాదులే."

"అందుకు కాదు. మార్చొద్దు."

అతని వేలు గడి మీదే ఆగింది. సౌభాగ్యమ్మ పళ్ళేలు తీస్తున్న చప్పుడు కూడా ఆగింది.

"నేను రావద్దంటావా?"

జవాబు చెప్పకుండా తప్పించుకునే దారులు సెలిన్‌కి మూడు కనిపించాయి. వీసా అందదేమోనని అనొచ్చు. అత్తయ్య షుగర్ మాట ఎత్తొచ్చు. ఆసుపత్రి వాళ్ళు ఒప్పుకోరని అంటే అతను అసలు ఎదురే చెప్పడు. మూడూ మంచివే, మూడూ నమ్మేవే. ఆగస్టులో అయితే మూడింట్లో ఒకటి అప్పుడే నోట్లోంచి వచ్చేసేది.

"వద్దండి," అంది.

ఆ చివరి 'అండి' తప్ప ఇంకే సర్దుబాటూ ఆమెకి చేతకాలేదు.

టిమోతి చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. "నా మీద ఏమన్నా ఉంటే చెప్పు."

"మీ మీద ఏం లేదు."

"ఏం లేకుండా ఎవరన్నా..."

"మూడు రోజులు నన్నెవరూ 'అన్నం ఎప్పుడు' అని అడక్కూడదు. నేనెవర్నీ 'తిన్నారా' అని అడక్కూడదు. అంతే. మీరుంటే నేను అడగకుండా ఉండలేను. మీరు వద్దన్నా అడుగుతాను. నా సంగతి నాకు తెలుసు."

అతను ఆ మాట విన్నాడా లేదా తెలియలేదు. చేతులకి అలవాటైన పని గనక కాగితాలు తిప్పుతూనే ఉన్నాడు. చివరి కాగితం ప్రయాణ బీమాది. సెలిన్ నింపింది గానీ ఇంకా ఇవ్వలేదు. టిమోతి దాని మీద వేలు దింపుకుంటూ వచ్చి, అడుగున ఒక చోట ఆగాడు. ఆగినవాడు ఎంతకీ కదల్లేదు.

ఆ గడి సంగతి ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది.

'ఆపదలో ఎవరికి తెలియజేయాలి' అన్న చోట, తన చేత్తో, గుండ్రటి అక్షరాలతో రాసింది. ఎవాంజలిన్. సంబంధం, స్నేహితురాలు. కింద ఎవాంజలిన్ ఫోను నంబరు.

"ఈ గడిలో భర్త పేరో భార్య పేరో లేకపోతే నేను మనుషుల్ని వెనక్కి పంపిస్తాను," అన్నాడు టిమోతి. గొంతులో కోపం లేదు. కౌంటరు దగ్గర చెప్పే గొంతు. "ఇంటికెళ్ళి కనుక్కుని రమ్మంటాను."

"అప్పటికి మీకు తెలీదు కదండీ. అందుకని..."

"ఎవాంజలిన్‌కి తెలుసా?"

"ఒకే వార్డు కదా. డ్యూటీలు మార్చుకోవాలి. తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"ఆగస్టు నుంచి."

టిమోతి తల ఊపాడు. "ఇవాళ చర్చిలో నాకు ఎప్పటికంటే పెద్ద వందనం పెట్టింది. ఏంటా అనుకున్నా."

వాళ్ళ వార్డులో ఎవాంజలిన్ అంత మంచి మనిషి లేదు. ఆ సంగతి ఇప్పుడు చెప్పినా లాభం లేదని సెలిన్‌కి తెలుసు. అతను కాగితాలన్నీ అంచులు కలిపి, బల్ల మీద రెండుసార్లు తట్టి, ఫైల్లో పెట్టాడు. బీమా కాగితం మాత్రం పెట్టలేదు. దాన్ని ఆమె వైపు జరిపి లేచాడు.

"పెరుగు తెస్తా."

"పెరుగుందిరా అబ్బాయ్," అంది సౌభాగ్యమ్మ వంటింట్లోంచి. "రెండు డబ్బాలున్నాయి."

తలుపు మెల్లగా మూసుకుంది. టిమోతి తలుపు ఎప్పుడూ మెల్లగా మూయడు.

*

మూడు గంటలైంది. మూడున్నరైంది.

సౌభాగ్యమ్మ బాల్కనీలోకి రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చింది. కారు పెట్టే చోట పక్కింటివాళ్ళ బండి వచ్చి చేరింది. పెరుగు కోసం మనిషి ఎంత దూరం వెళ్తాడో ఆవిడ ఓ లెక్క వేసుకుంది, సూపర్‌మార్కెట్ దాకా, దాని అవతల పెద్ద మాల్ దాకా, ఎంత పొడిగించినా గంటకి మించి రాలేదు.

"ఎక్కడికెళ్ళాడే వాడు?"

"వస్తారు అత్తయ్యా."

"అది నేనడిగినదానికి జవాబా?"

సెలిన్ భోజనాల బల్ల దగ్గరే కూర్చుని ఉంది. గిన్నెలు తోమలేదు. చీర మార్చుకోలేదు. తన ఎదుట ఉన్న కాగితం వైపు చాలాసేపు చూసి, పెన్ను తీసుకుంది. వార్డులో మందుల చార్టు తప్పు పడితే గీతలు గీతలుగా కొట్టేయకూడదు, తప్పు కనబడుతూనే ఉండాలి, దాని మీద ఒక్క గీత, పక్కన సంతకం. అలాగే చేసింది. ఎవాంజలిన్ పేరు మీద ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, పైన ఖాళీలో రాసింది.

టిమోతి. సంబంధం, భర్త.

నంబరు రాసింది. అంకెలు రెండుసార్లు చదువుకుంది. ఇన్నేళ్ళుగా ఒక్క వేలితో నొక్కి మాట్లాడటమే గానీ ఆ నంబరు అంకె అంకెగా రాసిన సందర్భం లేదు. సరిగ్గా రాసిందో లేదో అని అనుమానం వచ్చింది. అనుమానం ఒక్కటే కాదు, ఏదో ఒకటి మాట్లాడాలని కూడా ఉంది. తన ఫోను తీసి ఆ నంబరు చూస్తూ నొక్కింది.

ఇంట్లోనే మోగింది.

సోఫాలో, దిండు పక్కన, టిమోతి ఫోను వెలుగుతూ మోగుతోంది. సౌభాగ్యమ్మ దగ్గరగా ఉంది గనక ఆవిడే తీసింది. అద్దాలు లేకపోవడంతో చెయ్యి దూరంగా చాపి, కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరో చేస్తున్నారే వాడికి," అంది. "'ఇల్లు' అని ఉంది పేరు. మనం ఇక్కడే ఉన్నాం కదా, ఇంట్లోంచి చేసేది ఎవరు?"

సెలిన్ ఫోను చెవి దగ్గరే ఉంచుకుంది. అది మోగుతూనే ఉంది.